మొర వేరు, సణుగుడు వేరు

పనిచోట విశ్వాసి – నెలనెలా శీర్షిక

చదువవలసిన భాగములు: నిర్గమకాండము 5వ అధ్యాయము, 1 రాజులు 12:1–16, నెహెమ్యా 5వ అధ్యాయము



రాజోలు ప్రాంతపు సంఘస్థురాలైన ఒక తల్లి ఈ శీర్షికకు ఉత్తరం వ్రాశారు. ఆమె కుమారుడు మైక్రోబయాలజీలో ఎమ్మెస్సీ చదివి, హైదరాబాదు శివార్లలోని ఒక బయోటెక్ కంపెనీలో తొమ్మిదేళ్లుగా పని చేస్తున్నాడు. మొదటి అయిదేళ్లు బాగానే గడిచాయి. ఆ తరువాత యాజమాన్యంలో ఒకరికొకరికి పడలేదు. మూడేళ్లలో ముగ్గురు పెద్ద అధికారులు మారారు. ఒకరు మొదలుపెట్టిన పనిని రెండవవారు ఆపేశారు. రెండవవారు కొన్న యంత్రానికి మూడవవారు పెట్టె కూడా విప్పలేదు. ఇప్పుడు జీతం రెండు నెలలకొకసారి వస్తోంది, అదీ సగమే. ముడిసరుకు కొనడానికి డబ్బు లేక తొట్లు వారాల తరబడి ఖాళీగా ఉంటున్నాయి. అయినా ప్రతి సోమవారం మీటింగు పెట్టి, మీరు ఒళ్లు వంచి పని చేయకపోవడం వల్లనే కంపెనీకి ఈ గతి పట్టిందని ఉద్యోగులనే దులుపుతున్నారట.

"ఫోను చేసినప్పుడల్లా వాడు కంపెనీవాళ్లను తిట్టడమే. ఆదివారం ఆరాధనకు కూడా వెళ్లడం లేదు. దేవుని బిడ్డ ఇలా సణగవచ్చునా, అయ్యగారూ? ఓర్చుకోమని చెప్పనా, మానేసి వచ్చేయమని చెప్పనా?" అని ఆ తల్లి అడిగారు.

ఇది ఒక్క ఇంటి ప్రశ్న కాదు. రాజోలు, అమలాపురం, కొత్తపేట వైపు ఏ సంఘానికి వెళ్లినా, హైదరాబాదులోనో విశాఖపట్నంలోనో మందుల కంపెనీలలో పని చేసే పిల్లలున్న ఇళ్లు కనిపిస్తాయి. గల్ఫ్ దేశాలకు వెళ్లినవారి ఇళ్లలోనూ జీతం ఆగిన నెల వస్తే ఇదే ప్రశ్న. కనుక ఈ నెల దీనిని వాక్యపు వెలుగులో కొంచెం నిదానంగా ఆలోచిద్దాం.

ఫరో ఇచ్చిన జవాబు

నిర్గమకాండము అయిదవ అధ్యాయంలో ఇశ్రాయేలీయులు ఇటుకలు చేస్తున్నారు. మట్టిలో కలపడానికి గడ్డి కావాలి. అంతకుముందు ఆ గడ్డి రాజుగారే ఇప్పించేవారు. మోషే, అహరోను వెళ్లి జనులను పంపమని అడిగేసరికి ఫరోకు కోపం వచ్చింది. ఇకమీదట గడ్డి ఇవ్వవద్దని, ఇటుకల లెక్క మాత్రం ఒక్కటి కూడా తగ్గించవద్దని ఆజ్ఞాపించాడు. పాపం, ఆ జనులు దేశమంతా తిరిగి కొయ్యకాళ్లు ఏరుకున్నారు. వరి కోసిన చేలో కొయ్యకాళ్లు ఏరడమంటే ఎంత శ్రమో మన కోనసీమ వారికి వేరే చెప్పనక్కరలేదు. లెక్క తగ్గింది. జనుల మీద ఉంచబడిన ఇశ్రాయేలీయ నాయకులకు దెబ్బలు పడ్డాయి.

ఆ నాయకులు ఏం చేశారో గమనించండి. తిన్నగా ఫరో దగ్గరకే వెళ్లారు. గడ్డి ఇవ్వడం లేదు, ఇటుకలు మాత్రం అడుగుతున్నారు, దెబ్బలు మాకు పడుతున్నాయి, తప్పు మాత్రం మీవారిది అని ఉన్న సంగతి ఉన్నట్టు చెప్పుకున్నారు. ఫరో గడ్డి మాట ఎత్తనే లేదు. మీరు సోమరులు, అందుకే ఇలా మాట్లాడుతున్నారు అన్నాడు.

సామగ్రి ఇవ్వనివాడు తన లోపాన్ని పనివాని ఒంటి మీద వేయడం అనే పద్ధతి ఎంత పాతదో చూశారా! ఆ తల్లి కుమారుడు సోమవారం మీటింగులో వింటున్నది ఫరో మాటే.

మన తెలుగుదేశంలో జరిగిన సంగతి

ఇటువంటిది మన తెలుగునాట పెద్ద ఎత్తున జరిగింది. పెద్దవారికి ఐ.డి.పి.ఎల్. పేరు గుర్తుండే ఉంటుంది. ఇండియన్ డ్రగ్స్ అండ్ ఫార్మాస్యూటికల్స్ లిమిటెడ్ అనే ఈ ప్రభుత్వ కంపెనీ 1961 ఏప్రిల్‌లో ఏర్పడింది. పరాయి దేశాల మందుల మీద ఆధారపడకుండా, పేదవానికి అందే ధరకు మందులు ఇక్కడే తయారు కావాలన్నది దాని ఉద్దేశం. సోవియట్ రష్యా సహాయం చేసింది. రిషీకేశ్‌లో యాంటీబయాటిక్ మందుల ఫ్యాక్టరీ, మన హైదరాబాదు బాలానగర్‌లో సల్ఫా మందులు, విటమిన్లు వంటివి చేసే ఫ్యాక్టరీ, మద్రాసులో ఆపరేషన్ పరికరాల ఫ్యాక్టరీ వెలిశాయి. ప్రభుత్వ ఆసుపత్రులకు ఈ కంపెనీ మందులు వెళ్లేవి.

రిషీకేశ్‌లో చేసిన పెన్సిలిన్ వంటి మందులు, ఈనాడు మనం బయోటెక్నాలజీ అంటున్న విద్యకు అన్నల వంటివి. పెన్సిలిన్ ఒక రకం బూజు నుండి వస్తుంది. దానిని పెద్ద పెద్ద ఉక్కు తొట్లలో, ఆహారం వేసి, శుద్ధమైన గాలి ఊదుతూ, రేయింబవళ్లు పెంచాలి. మన ఇళ్లలో పిండి పులిసినట్టే అదీ ప్రాణమున్న పని. గాలి ఆగినా, కరెంటు పోయినా, పరాయి సూక్ష్మజీవి దూరినా ఆ తొట్టెడు సరుకు పారబోయవలసిందే. అటువంటి పనికి ముడిసరుకు వేళకు రావాలి, యంత్రాల మరమ్మతు వేళకు జరగాలి, పై నుండి నిర్ణయం వేళకు అందాలి. వీటిలో ఏ ఒక్కటీ కింద పని చేసేవాని చేతిలో ఉండదు.

ఐ.డి.పి.ఎల్. ఎందుకు చితికిపోయింది? కారణాలు అనేకం. రష్యా నుండి వచ్చిన పద్ధతిలో దిగుబడి తక్కువ. దానిని వేళకు మార్చుకోలేదు. మద్రాసులో రష్యా నమూనాతో చేసిన ఆపరేషన్ పరికరాలు మన డాక్టర్ల చేతికి నప్పలేదు. వాడేవారిని ముందుగా అడిగి ఉంటే తెలిసే సంగతే అది. 1970లోను 1979లోను వచ్చిన ధరల నియంత్రణ ఉత్తర్వులతో మందు ధర ప్రభుత్వం నిర్ణయించింది, ఖర్చు మాత్రం కంపెనీ భరించవలసి వచ్చింది. పేదవానికి చౌక మందు మంచిదే, అయితే ఆ లోటు ఎవరు పూడ్చాలో తేల్చలేదు. అవసరానికి మించి సిబ్బందిని చేర్చుకున్నారు. అప్పుల మీద వడ్డీలు పెరిగాయి. 1991 తరువాత పరాయి దేశపు చౌక సరుకు కూడా వచ్చి పడింది.

1992 ఆగస్టులో ఐ.డి.పి.ఎల్.ను ఖాయిలా పడిన కంపెనీగా ప్రకటించారు. 1994లో బాగుచేసే పథకం ఒకటి మంజూరైంది గానీ అది నిలబడలేదు. 1996 అక్టోబరులో రిషీకేశ్, హైదరాబాదు ఫ్యాక్టరీలలో ఉత్పత్తి ఆగిపోయింది. ఒకప్పుడు సైరన్ మోగితే బాలానగర్ రోడ్డు నిండిపోయేంత మంది పని చేసిన చోట గడ్డి మొలిచింది.

జీతాల సవరణ కోసం అక్కడి అధికారులు, సూపర్‌వైజర్లు పెట్టుకున్న మొర చివరకు సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. 2003 జూలైలో తీర్పు వచ్చింది. కంపెనీ ఆర్థిక స్థితిని కూడా చూడవలసి ఉంటుందని, ఖాయిలా పడిన కంపెనీలో జీతాల పెంపును హక్కుగా అడగలేరని కోర్టు చెప్పింది. చట్టప్రకారం అది తీర్పు. అయితే అందులో మనకొక పాఠం ఉంది. మొరను ఆలకించవలసిన కాలంలో ఆలకించకపోతే, న్యాయస్థానానికి వెళ్లే వేళకు గాదె ఖాళీ అయి ఉంటుంది. 2016 డిసెంబరులో కేంద్ర మంత్రివర్గం ఈ కంపెనీని మూసివేయడానికి నిర్ణయం తీసుకుంది. మిగిలిన ఉద్యోగుల బకాయిలు, స్వచ్ఛంద పదవీ విరమణ సొమ్ము చెల్లించడానికి 2019లో ఈ కంపెనీతో కలిపి మూడు ప్రభుత్వ మందుల కంపెనీలకు 330 కోట్ల రూపాయల పైచిలుకు అప్పుగా మంజూరు చేయవలసి వచ్చింది.

చేతులు సోమరివి కావు

ఐ.డి.పి.ఎల్. పడిపోయిందంటే అక్కడివారు పని చేయలేదేమో అని కొందరు అంటారు. అన్ని చోట్లా ఉన్నట్టే అక్కడా పని దొంగలు కొందరు ఉండి ఉంటారు. కానీ అసలు సంగతి వేరని చెప్పడానికి సాక్ష్యం అదే హైదరాబాదు నగరంలో ఉంది.

గుంటూరు జిల్లా తాడేపల్లికి చెందిన డాక్టర్ అంజిరెడ్డిగారు 1969లో ఐ.డి.పి.ఎల్.లో ఉద్యోగంలో చేరారు. 1975 వరకు అక్కడ పని చేసి, పని నేర్చుకుని, బయటకు వచ్చి సొంతంగా మందుల తయారీ మొదలుపెట్టారు. 1984లో డాక్టర్ రెడ్డీస్ కంపెనీని స్థాపించారు. అది దేశదేశాలకు మందులు పంపే సంస్థ అయింది. ఐ.డి.పి.ఎల్.లో పని నేర్చుకుని బయటకు వచ్చి హైదరాబాదులో మందుల కంపెనీలు పెట్టినవారు, వాటిని నిలబెట్టినవారు ఇంకా అనేకులున్నారు. ఐ.డి.పి.ఎల్. ఫ్యాక్టరీ ఆగిన మరుసటి ఏడు, 1997లో, అదే హైదరాబాదులో వరప్రసాద్‌రెడ్డిగారు 1993లో స్థాపించిన శాంతా బయోటెక్నిక్స్ నుండి కామెర్ల టీకా, అంటే హెపటైటిస్-బి టీకా, బయటకు వచ్చింది. విదేశీ టీకా వందల రూపాయలు ఉన్న రోజులలో అది 50 రూపాయలకు అందింది. అది కూడా ఈస్టును తొట్లలో పెంచి చేసిన టీకాయే.

ఊరు అదే, చదువులు అవే, చేతులు అవే. ఒకచోట తొట్టి ఎండిపోయింది, ఒకచోట నిండింది. ప్రైవేటు కంపెనీకి లేని భారాలు ప్రభుత్వ కంపెనీకి ఉన్నాయి, అది న్యాయంగా ఒప్పుకోవాలి. అయినా పనివారు సోమరులు కాబట్టే అంతా పోయిందన్న మాట నిలువదు.

నష్టం కూడా ఉద్యోగులతో ఆగలేదు. పెన్సిలిన్ ముడిమందును దశాబ్దాల పాటు పరాయి దేశం నుండి తెచ్చుకున్నాం. మళ్లీ దానిని మన దేశంలో చేయాలని ప్రభుత్వం ప్రోత్సాహక పథకం పెట్టగా, మన పొరుగున కాకినాడ జిల్లా తొండంగి మండలంలో అరబిందో ఫార్మాకు చెందిన ఫ్యాక్టరీలో 2024లో తయారీ మొదలైంది. ఉన్నదానిని కాపాడుకోలేక, పోయినదానిని మళ్లీ మొదటినుండి కట్టుకోవలసి వచ్చింది.

సణుగుడు అంటే ఏమిటి? మొర అంటే ఏమిటి?

ఇప్పుడు ఆ తల్లి ప్రశ్నకు వద్దాం. దేవుని బిడ్డ సణగవచ్చునా? సణగకూడదు. అయితే కష్టం చెప్పుకోవడమంతా సణుగుడు కాదు.

అరణ్యంలో ఇశ్రాయేలీయులు సణిగినప్పుడు ఎక్కడ సణిగారో ద్వితీయోపదేశకాండము మొదటి అధ్యాయంలో ఉంది. తమ గుడారములలో సణిగారు. ఎదుట మాట్లాడలేదు. చేసిన మేలు మరచిపోయారు. దేవుడు తమను ద్వేషిస్తున్నాడని కూడా అన్నారు. సణుగుడు చాటున జరుగుతుంది, ఒక్క తప్పును పట్టుకుని అంతటినీ చెడ్డదంటుంది, ఏమి మారాలో చెప్పదు, చివరకు దేవుని మీదికే వెళుతుంది.

మొర అటువంటిది కాదు. అయిదవ అధ్యాయంలో ఆ నాయకులు ఫరో ఎదుట నిలిచి మాట్లాడారు. గడ్డి లేదు, లెక్క ఇది, దెబ్బలు ఇవి అని జరిగినది చెప్పారు. వారు తమకోసమే కాక, తమ కింద పని చేసే జనులందరి కోసమూ మాట్లాడారు. ఫరో వినలేదు. అప్పుడు వారు విసిగి మోషే మీద పడ్డారు. అది కూడా గ్రంథంలో దాచకుండా వ్రాయబడింది. మోషే అయితే దేవుని దగ్గరకు వెళ్లి, ఈ జనులకు ఇంత కీడు ఎందుకు జరిగిందని అడిగాడు. దేవుడు అతనిని గద్దించలేదు. తరువాతి అధ్యాయంలో ఆ జనుల మూలుగు తాను విన్నానని చెప్పాడు.

పనిచోట జరిగే అన్యాయాన్ని గూర్చిన మొరను దేవుడు వింటాడు. కోత కోసినవారి కూలి బిగబట్టడం గురించి యాకోబు తన పత్రిక అయిదవ అధ్యాయంలో ఎంత గట్టిగా వ్రాశాడో ఈ వారం కుటుంబ ప్రార్థనలో చదవండి. ఆ కూలియే మొరపెడుతుందని, ఆ మొర దేవుని చెవిని చేరుతుందని అతడు వ్రాశాడు.

మన పెద్దలలో అనేకులు ఒకరి పొలంలో పాలేర్లుగా, కూలీలుగా బ్రతికినవారు. నోరెత్తితే పని పోయే రోజులు అవి. అందుకే, ఓర్చుకో నాయనా, మాట మాట్లాడకు అన్నది మన ఇళ్లలో తరతరాల సలహా అయింది. వారు ఓర్చుకున్నది పిల్లలకు చదువు రావాలని. చదువు వచ్చింది. ఇప్పుడు ఆ చదువుతో మర్యాదగా, సత్యంగా, ఎదుట నిలిచి మాట్లాడటం దేవుని బిడ్డకు తగని పని కాదు.

ఆ కుమారునికి, అతనివంటి వారికి

మొదటిది. తమ్ముడూ, ఫోనులో అమ్మతో అన్న మాటలను కాగితం మీద పెట్టు. తిట్లు తీసివేయి. ఏ తేదీ నుండి జీతం ఆగింది, ఏ సరుకు లేక ఏ పని ఎన్ని రోజులు నిలిచింది, ఏమి చేస్తే మళ్లీ నడుస్తుంది అన్నది వ్రాయి. తోటివారు ఇద్దరు ముగ్గురితో కలిసి వెళ్లి పై అధికారికి ఇయ్యి, నకలు దగ్గర ఉంచుకో. వినకపోవచ్చు. ఫరో కూడా వినలేదు. అయినా చెప్పవలసిన మాట చెప్పినవాని మనసులో చేదు నిలువ ఉండదు.

రెండవది. జీతం సగమే ఇస్తున్నారు కాబట్టి పని కూడా సగమే చేస్తాననుకోవద్దు. నీవు చేసే టీకా, మందు మన ఊరి ఆరోగ్య కేంద్రంలో చంటిబిడ్డ ఒంటిలోకి వెళ్లవచ్చు. ఆ బిడ్డకు మీ యాజమాన్యంతో తగవు లేదు. చేయని పరీక్ష చేసినట్టు రికార్డులో వ్రాయమని ఎవరైనా ఒత్తిడి చేస్తే, ఎంత పెద్దవారైనా సరే, సంతకం పెట్టవద్దు. ఉద్యోగం పోయినా మళ్లీ దొరుకుతుంది. పోయిన ప్రాణం మళ్లీ రాదు.

మూడవది. నీ హక్కు నీవు తెలుసుకో. జీతపు స్లిప్పులు, నియామక పత్రం, బ్యాంకు లెక్కలు జాగ్రత్త చేయి. నీ జీతంలో కోసిన ప్రావిడెంట్ ఫండ్ నిజంగా నీ ఖాతాలో పడుతున్నదా లేదా పాస్‌బుక్‌లో చూసుకో. పడకపోతే ఆ కార్యాలయానికి ఫిర్యాదు చేయవచ్చు. కోసుకుని కట్టకపోవడం నేరం. అయిదేళ్ల సర్వీసు నిండినవానికి గ్రాట్యుటీ హక్కు ఉంది. 2016లో వచ్చిన దివాలా చట్టం ప్రకారం కంపెనీని అమ్మి అప్పులు తీర్చవలసి వస్తే, కార్మికుల 24 నెలల జీతపు బకాయికి తాకట్టు ఉన్న బ్యాంకులతో సమానమైన వరుస ఉంది. మిగిలిన ఉద్యోగులకు 12 నెలల జీతం ఆ తరువాతి వరుసలో వస్తుంది. అయితే గడువులోగా రుజువులతో అడిగినవారికే అది అందుతుంది. కాగితాలు లేనివాడు న్యాయం ఉన్నా నిలబడలేడు.

నాలుగవది. వెళ్లిపోవడం పాపం కాదు. ఎంతకాలం చూడాలో నీవే ప్రార్థించి నిర్ణయించుకో. ఇంట్లో మూడు నాలుగు నెలల తిండికి ఉండగానే వేరే పని వెదుకు. నీటి పిడత ఎండిన తరువాత నుయ్యి తవ్వకూడదు. వెళ్లేటప్పుడు నీకు అప్పగించిన లెక్కలు, తాళాలు, రికార్డులు సరిగా అప్పగించి వెళ్లు.

అయిదవది. ఆరాధన మానవద్దు. పై అధికారి తప్పు చేస్తే దేవుని మీద అలగడం ఎందుకు? నీ మొరను వినే చెవి అక్కడే ఉంది.

ఇంటివారికి

తల్లీ, ఓర్చుకో అని గానీ వచ్చేయి అని గానీ చెప్పకముందు, అతని మాట పూర్తిగా వినండి. పనిచోట ఎవరూ వినక విసిగినవానికి ఇంట్లోనైనా వినేవారు ఉండాలి. కొడుకు హైదరాబాదులో ఉన్నాడన్న ధైర్యంతో ఇల్లు కట్టడానికో, చెల్లెలి పెండ్లికో కొత్త అప్పు చేయకండి. బంగారం తాకట్టు పెట్టి పరువు నిలబెట్టుకోవాలని చూడకండి. జీతం రావడం లేదని చెప్పుకోవడం నామోషీ కాదు. తప్పు చేసినది మీరు కాదు. కోడలి మీద విసుగుకోకండి, ఆమె ఆ సగం జీతంతో అద్దె, పిల్లల ఫీజు సర్దుతోంది. వీలైతే ఒక బస్తా బియ్యం, నాలుగు కొబ్బరికాయలు పంపండి. నీవు ఒంటరివాడవు కావని అతనికి తెలియాలి.

సంఘాలకు కూడా ఒక మాట. ఉద్యోగం వచ్చినప్పుడు కృతజ్ఞతార్పణ ప్రకటించి చదువుతాము. ఉద్యోగం పోయిన కుటుంబం పేరు ప్రార్థనలో ఎత్తడానికి మాత్రం మొహమాటపడతాము. ఆ కుటుంబాన్ని అడిగి, వారికి అభ్యంతరం లేకపోతే, పేరు పెట్టి ప్రార్థించండి. వేరే కంపెనీలలో పెద్ద పనులలో ఉన్న మన సంఘస్థులు ఆ యువకుని గూర్చి ఒక మాట చెప్పగలరేమో విచారించండి.

మనమూ ఎక్కడో ఒకచోట పై అధికారులమే

ఇంతవరకు పై వారి తప్పులు చూశాము. ఇప్పుడు అద్దం మన వైపు తిప్పుకుందాం. ప్రతి ఇంటిలో, ప్రతి సంఘంలో ఎవరో ఒకరు ఎవరికో ఒకరికి యజమానులే.

సొలొమోను కుమారుడైన రెహబాము రాజైన రోజున జనులు మొర పెట్టుకున్నారు. తండ్రి మోపిన బరువు కొంచెం తగ్గించమన్నారు. పెద్దలు మంచిమాట చెప్పమన్నారు. తనతో పెరిగిన పడుచువారు ఇంకా బరువు పెంచమన్నారు. రెహబాము పడుచువారి మాట విన్నాడు. పది గోత్రములు చీలిపోయాయి. మొర వినడానికి మూడు రోజుల గడువు తీసుకున్నాడు గానీ, ఆ మూడు రోజులలో తనకు నచ్చిన మాటనే వెదుక్కున్నాడు.

నెహెమ్యా దగ్గరకు కూడా జనులు మొరతో వచ్చారు. పొలాలు, ద్రాక్షతోటలు తాకట్టు పడ్డాయని, పిల్లలు దాసులవుతున్నారని ఏడ్చారు. నెహెమ్యాకు కోపం వచ్చింది. అయితే ఆ కోపం మొరపెట్టినవారి మీద కాదు. ప్రధానులను పిలిచి, సభ పెట్టి, తీసుకున్న పొలాలు తిరిగి ఇప్పించాడు. పన్నెండేళ్లు అధిపతిగా ఉండి, తనకు రావలసిన అధిపతి భత్యం కూడా తీసుకోలేదు. గోడ కట్టే పనిలో తన పనివారిని కూడా చేర్చాడు. జీతాలు ఇవ్వలేని నెలలో ముందు తన భత్యం మానుకునేవాడే నాయకుడని ఆయన బ్రతుకు చెబుతుంది.

మన తోటలో దింపు తీసినవానికి, కాయ ఒలిచినవానికి కూలి ఎప్పుడు ఇస్తున్నాము? అంబాజీపేటలో కొబ్బరి ధర పడిందని, షావుకారు డబ్బు ఇంకా రాలేదని వారిని రేపు రా, ఎల్లుండి రా అని తిప్పుతున్నామా? సూర్యుడు అస్తమించకముందే కూలివాని కూలి ఇవ్వాలని ద్వితీయోపదేశకాండము 24వ అధ్యాయం చెబుతున్నది. చెట్టెక్కే మోకు సరిగా ఉందో లేదో చూడకుండా, తొందరగా ఎక్కమని కేక వేస్తున్నామా? అదీ గడ్డి ఇవ్వకుండా ఇటుకలు అడగడమే.

సంఘ కమిటీలో ఉన్నవారు కూడా ఆలోచించాలి. లెక్క అడిగిన సహోదరుని, వీడు సంఘంలో గొడవలు పెడతాడు అని పక్కన పెడుతున్నామా? గుడి పని చూసే మనిషికి, సువార్త చెప్పే బీద సేవకునికి ఇచ్చే కొద్ది సొమ్ము నెలల తరబడి ఆపి, సేవలో ఆసక్తి తగ్గిందని నింద వేస్తున్నామా? సండేస్కూలు టీచరు పుస్తకాలు కావాలని మూడుసార్లు అడిగితే ఇవ్వక, పిల్లలకు వాక్యాలు రావడం లేదని వార్షికోత్సవంలో కోప్పడుతున్నామా?

అడిగినవానిని సోమరి అనడం సులువు. ఏమి కావాలో అడిగి తెలుసుకుని అది ఇవ్వడం కష్టం. ఆ కష్టమే నాయకత్వం. ఈ నెలలో మీ కింద పని చేసే ఒక్క మనిషిని కూర్చోబెట్టి, నీ పనికి అడ్డు ఏమిటని అడగండి. మధ్యలో అడ్డుపడకుండా వినండి. ఆ చెప్పినవాటిలో మీ చేతిలో ఉన్న ఒక్కదానినైనా వారం లోపల సరిచేయండి.

ప్రార్థన

పరలోకమందున్న మా తండ్రీ, జీతం అందక, మాట వినేవారు లేక, దూర పట్టణాలలో నలిగిపోతున్న మా బిడ్డలను జ్ఞాపకం చేసుకో. వారి నోటి నుండి సణుగుడు తీసివేసి, సత్యమైన మొరను, దానిని పలికే ధైర్యాన్ని దయచేయి. వారి చేతిపని కల్తీలేనిదిగా కాపాడు. కంపెనీలను నడిపించేవారికి వినే చెవిని, తమ లాభం మానుకునే మనసును ఇయ్యి. మా ఇంటిలో, మా తోటలో, మా సంఘంలో మా వలన ఎవని కూలి అయినా నిలిచిపోయి ఉంటే, ఈ రాత్రే మాకు గుర్తు చేయి. రేపు తెల్లవారగానే దానిని చెల్లించే మనసు దయచేయుమని యేసు నామమున వేడుకొనుచున్నాము తండ్రీ, ఆమేన్.